అక్క చెవులకో డ్యాక్

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఒంట్లో బాగానే ఉంది, చెవుల్లోనే బాగాలేదు. ఫోను చెయ్యొచ్చుగా, ఈ ఉత్తరాలేమిటి అంటావు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చునేదాన్ని, ఇంటికొచ్చాక ఫోను చెవికి ఆనించాలంటేనే ఏడుపొస్తుంది. పైగా నువ్వు మాట్లాడటం మొదలుపెడితే ఓ పట్టాన ఆపవు. ఉత్తరమైతే మడిచి పక్కన పెట్టుకోవచ్చు.

సంగతేమిటంటే, మా నీళ్ళ ఆఫీసులో మీటింగులన్నీ రికార్డు చేసి నాకిస్తారు, నేను విని టైపు చేస్తాను, నీకు తెలిసిందే. రికార్డరు బల్ల మధ్యలో బిస్కెట్ల పళ్ళెం పక్కన పెడతారు. మాటలకంటే నమలడమే బాగా వినిపిస్తుంది. దానికి తోడు ఈమధ్య కొత్త కంప్యూటరిచ్చారు. హెడ్‌ఫోన్ దానికి గుచ్చితే, మౌసు కదిపినప్పుడల్లా చెవిలో గీమంటుంది. అర్థంకాని చోటల్లా 'వినబడలేదు' అని కొట్టి ముందుకు పోతుంటాను.

పోయిన నెల మీటింగులో 'సైకిల్ స్టాండు గోడ కట్టాలి' అన్నారట. నాకు 'కొట్టాలి' అని వినిపించింది. అదే టైపు చేశాను. ఆఫీసరుగారు చదవకుండా సంతకం పెట్టారు. పనివాళ్ళు మాత్రం చదివారు. అప్పటికే లేచిన సగం గోడ కాస్తా పోయింది.

నన్ను పిలిచి చెప్పారు. మూడు నెలలు చూస్తారట. ఈలోపు ఇలాంటిది ఇంకొక్కటి జరిగితే, విని రాసే యంత్రమేదో వచ్చిందట, అది తెప్పించి నన్ను ఇంటికి పంపేస్తారట. రిటైరవడానికింకా నాలుగేళ్ళుంది. ఈ వయసులో నాకింకెవరిస్తార్రా పని? భయంగా ఉంది.

నీకీ సామాన్ల పిచ్చి ఉందిగా. 'కట్టాలి'కీ 'కొట్టాలి'కీ తేడా తెలిసే వస్తువేదన్నా ఉంటే ఒక్క ముక్కలో చెప్పు.

ఇట్లు,
అలిసిపోయిన అక్క

తా.క. ఒక్క ముక్కంటే ఒక్క ముక్కే. రెండేళ్ళ కిందట స్పీకరు గురించి అడిగితే నువ్వు రాసిన ఉత్తరం ఇంకా చదువుతున్నాను.

*

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. గోడ కూలినందుకు కాదు, ఇన్నేళ్ళకి నన్నొక సరైన ప్రశ్న అడిగినందుకు. ఒక్క ముక్కలో జవాబు: డ్యాక్.

ఇప్పుడు ఆ ముక్కని కొంచెం వివరిస్తాను. కంప్యూటర్లో మాట మాటలా ఉండదు, అంకెల్లా ఉంటుంది. ఆ అంకెల్ని తిరిగి శబ్దంగా మార్చేదే డ్యాక్. నీ కంప్యూటర్లోనూ ఒకటుంది. కానీ దాని చుట్టూ నానా యంత్రాల గోల, సంతలో పసిపిల్లని నిద్రపుచ్చినట్టు ఉంటుంది దాని పని. నీ చెవిలో గీమనేది ఆ గోలే. అందుకని డ్యాక్‌ని బయటికి తెచ్చి బల్లమీద విడిగా పెట్టుకోవాలి. అదిచ్చిన శబ్దానికి బలం పట్టించి హెడ్‌ఫోన్లోకి పంపేది యాంప్. రెండూ ఒకే డబ్బాలో ఉన్నవీ దొరుకుతాయి, విడివిడిగానూ దొరుకుతాయి. విడివిడిగా కొనుక్కోవడమే మర్యాద.

కొనేముందు కొన్ని తేల్చుకోవాలి. నీ హెడ్‌ఫోన్ ఎన్ని ఓమ్‌లు? నీకు పాత రేడియోల్లోలా కాగే గాజు వాల్వులున్న యాంప్ కావాలా, లేనిదా? వెచ్చటి శబ్దం ఇష్టమా, చల్లటిదా? వింటున్నప్పుడు కళ్ళముందు పాటగాళ్ళ వేదిక ఎంత వెడల్పుగా కనిపించాలి? వివరాలన్నీ విడిగా నాలుగు పేజీల్లో రాసి జతచేశాను. తొందరేమీ లేదు. నా మొదటి డబ్బా ఎంచుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. వదినా, ఇది నేను, మీ మరదల్ని. కవరు అంటించమని నా చేతికిచ్చారు, అందుకని రాస్తున్నాను. మా ఇంట్లో ఇలాంటి డబ్బాలు తొమ్మిదున్నాయి. ఈయన ఒక పాట పూర్తిగా వినగా నేను చూడలేదు. డబ్బాలు మార్చి మార్చి ఒకే పాట మొదటి అరనిమిషం వింటారు. ఆ పాట చివరికి ఏమవుతుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

*

ఒరేయ్ తమ్ముడూ,

ఆశీస్సులు సరే, అక్షింతలు కూడా వేయాలనుంది. నీ ప్రశ్నలకి జవాబులు. హెడ్‌ఫోన్ మీద ముప్ఫై రెండు అని ఉంది. వెచ్చటి శబ్దం నాకొద్దు, నా గదిలో కిటికీ తెరుచుకోదు, ఇప్పటికే ఉక్కతో చస్తున్నాను. వేదిక ఎంత వెడల్పున్నా దానిమీద కూర్చునేది మా కమిటీయే, కాబట్టి చిన్నదైతేనే మేలు.

ఇక నీ డ్యాక్ నా కొంప ఎలా ముంచిందో విను. మా ఆఫీసులో ఏ వస్తువు కావాలన్నా స్టోర్సుకి ఇండెంటు పెట్టాలి. 'డ్యాక్ ఒకటి, చెవులకు, బల్లమీదది, అత్యవసరం' అని పెట్టాను. మా స్టోర్స్ గుమాస్తాకి మాటలు సగంలో మింగే అలవాటు. గుండుసూదుల్ని 'గుం.సూ.' అని రాసే మనిషి. లోకంలో అందరూ తనలాగే మింగుతారనుకుంటాడు. డ్యాక్ అంటే డాక్టరనుకున్నాడు. బల్లమీదది అంటే పడుకోబెట్టి పరీక్ష చేసే బల్ల అనుకున్నాడు. 'టైపిస్టు తన చెవులకు అత్యవసరంగా డాక్టరు కావాలని స్వయంగా కోరుతున్నారు' అని ఫైలు పైకి నెట్టాడు.

ఆఫీసరుగారు నన్ను పిలిచి, ఎంతో జాలిగా, గోడలదిరేలా అరిచారు. ముందే చెప్పొచ్చు కదమ్మా అన్నారు. నేను బాగానే వినిపిస్తోందండి అంటే, పాపం పెదాలు చూసి కనిపెట్టేస్తోంది అని పక్కాయనతో అన్నారు. అప్పట్నుంచి ఆఫీసంతా నాతో అరిచే మాట్లాడుతోంది. ప్యూను టీ కావాలా అని చేత్తో గ్లాసెత్తి తాగినట్టు చూపిస్తున్నాడు. గురువారం నన్ను చెవుల డాక్టరు దగ్గరికి పంపుతున్నారు. ఆ కాగితం చూశాకే నన్నుంచాలో వద్దో తేలుస్తారట.

ఇట్లు,
అక్క

తా.క. నా చెవులు బాగానే ఉన్నాయని అర్జీ రాసిచ్చాను. గుమాస్తా దాన్ని 'చె.' అని రాసున్న ఫైల్లో పెట్టాడు. చె. అంటే చెవులా చెత్తా అని అడగడానికి ధైర్యం చాలలేదు.

*

అక్కకు పాదాభివందనాలు.

నీ ఉత్తరం మొదటి పేజీ చివరికొచ్చేసరికి 'చెవులకు, అత్యవసరం' అని చదివాను. కళ్ళు చెమర్చాయి. రెండో పేజీ తిప్పలేకపోయాను. ఇంత వినికిడి పోయిందని ఒక్క మాటైనా చెప్పలేదే. మౌసు గీమంటోందని నువ్వంటే వైరు లోపమనుకున్నాను గానీ, నీ చెవుల్లో హోరని ఊహించలేదు.

ఇక ఆలస్యం చేయను. నా దగ్గరున్నవాటిలో అన్నిటికంటే బలమైంది, పెద్ద వాల్వులది, పార్సిల్లో వేశాను. దాని ముందు చెవిటితనం నిలవదు. స్విచ్చి వేశాక అరగంట ఆగి విను. దాన్ని పంపుతుంటే నాకెలా ఉందో నీకు చెప్పినా అర్థంకాదు. అయినా అక్కకంటే డబ్బా ఎక్కువా?

ఇట్లు,
తల్లడిల్లుతున్న తమ్ముడు

తా.క. వదినా, రెండో పేజీ నేను చదివాను. చెప్పబోతే, నన్ను ఇంకా బాధపెట్టకు అని చెయ్యి అడ్డంపెట్టారు. పార్సిలు తెచ్చినతన్ని కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి, మనిషి మిగలాలి. ఏడాది తర్వాత మా భోజనాలబల్ల నాలుగు మూలలా కనిపిస్తోంది.

*

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నాకు చెవుడు లేదు. ఈ వాక్యం ఉత్తరం మొదట్లోనే రాశాను, ఇక్కడిదాకా చదువుతావుగా.

గురువారం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినిపించినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. అన్నీ నొక్కాను. ఆఖర్న ఇంకేమైనా వినిపిస్తోందా అనడిగితే, మీ కుర్చీ చక్రమొకటి కిర్రుమంటోందండి అన్నాను. ఆవిడ నవ్వి, చెవులు దివ్యంగా ఉన్నాయని కాగితం రాసిచ్చారు. సంతోషంగా తెచ్చి ఆఫీసరుగారికిచ్చాను. ఆయన రెండుసార్లు చదువుకుని, చెవులు ఇంత బాగుండగా గోడెందుకు కూలిందో సంజాయిషీ ఇవ్వమన్నారు. అంటే కావాలనే కూల్చానని. చెవిటిదాన్నయినా బాగుండేదిరా.

నీ వాల్వుల డబ్బా వచ్చింది. బల్లమీద నాకు చోటు లేక కీబోర్డు ఒళ్ళో పెట్టుకున్నాను. అరగంటకి అది కాగిపోయింది. మధ్యాహ్నానికి అకౌంట్స్ వాళ్ళు ముగ్గురు తమ అన్నం డబ్బాలు తెచ్చి దానిమీద పెట్టారు. ఇప్పుడు రోజూ వరస కడుతున్నారు. శబ్దమంటావా, మహా తీయగా ఉంది. నన్ను తిట్టిన మీటింగు విన్నాను, జోలపాటలా ఉంది. హెడ్‌ఫోనుతోనే నిద్రపోయాను. లేచి చూస్తే ఆఫీసరుగారు ఎదురుగా నిలబడున్నారు. ఇంతా చేసి 'కట్టాలి', 'కొట్టాలి' రెండూ ఒకేలా కమ్మగా ఉన్నాయి, ఏది ఏదో తెలియదు.

నా వల్ల కాదురా ఇంక. మూడు నెలల్లో రెండయిపోయాయి. వచ్చే మీటింగొక్కటే మిగిలింది. పోతే పోనీ ఉద్యోగం అనిపిస్తోంది. పోయాక ఏం చేయాలో మాత్రం తోచడం లేదు.

ఇట్లు,
అక్క

తా.క. డబ్బా వెనక్కి పంపేస్తున్నానంటే అకౌంట్స్ వాళ్ళు అర్జీ పెట్టారు.

*

వదినగారికి నమస్కారాలు.

ఈసారి చెప్పాల్సింది తా.క.లో పట్టదు, అందుకని మొత్తం ఉత్తరం నేనే రాస్తున్నాను. మీ ఉత్తరం చదివాక రాత్రి అన్నం సయించలేదు నాకు.

దీంతో చిన్న నల్ల డబ్బా ఒకటి పంపుతున్నాను. అరచేతిలో పడుతుంది. డ్యాక్, యాంప్ రెండూ దీంట్లోనే ఉన్నాయి. ఈయన రెండేళ్ళ కిందట ముచ్చటపడి కొని వారానికే అవతల పారేశారు. దీని లోపమేమిటండీ అనడిగితే, దీనికో రుచీ పచీ లేదు, ఉన్నది ఉన్నట్టు వినిపిస్తుంది, అదే దీని జబ్బు అన్నారు. అప్పట్నుంచి వంటింటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంటున్నాను.

వైరు కంప్యూటరుకి గుచ్చండి. హెడ్‌ఫోన్ డబ్బాకి గుచ్చండి. వెనకాల హై, లో అని చిన్న స్విచ్చుంటుంది. మీది ముప్ఫై రెండు కాబట్టి లోలోనే ఉంచండి, హైలో పెడితే ఊరికే సుయ్యిమంటుంది. బొత్తాం సున్నా దగ్గర్నుంచి మెల్లగా తిప్పుకోండి. అంతే, పేజీలేం జతచేయలేదు. ఉద్యోగం పోదు వదినా, ధైర్యంగా ఉండండి.

ఇట్లు,
మీ మరదలు

తా.క. అక్కా, నేను తమ్ముణ్ణి. కవరు అంటించమని నా చేతికిచ్చింది. దీంట్లో వేదిక మరీ ఇరుకు. తర్వాత నన్నడగలేదనొద్దు.

*

మరదలికి, పక్కనుంచి తొంగిచూస్తున్న తమ్ముడికి,

ఇద్దరికీ ఆశీస్సులు. డబ్బా గుచ్చగానే గీ పోయింది. పదకొండేళ్ళుగా మా కమిటీలో గొంతును బట్టి ఇద్దరనుకున్నవాళ్ళు నిజానికి ముగ్గురని ఆరోజే తెలిసింది, ఒకాయన ఎప్పుడూ నోట్లో బిస్కెట్టుతోనే మాట్లాడతాడు. ఆఖరి మీటింగంతా ఒక్క 'వినబడలేదు' లేకుండా టైపు చేశాను. చివర్న మీటింగు ముగిసిందన్నారు, కుర్చీలు జరిపారు. రికార్డరు ఇంకా నడుస్తూనే ఉంది. అప్పుడు ఆఫీసరుగారి గొంతు గుసగుసగా వినిపించింది. యంత్రానికి ఆర్డరు ఎప్పుడో పెట్టేశాం, ఆవిడకి చెప్పకండి, అదొచ్చేదాకా పని చేయించుకుని పంపేద్దాం అన్నారు.

తప్పు విన్నానేమోనని మళ్ళీ పెట్టాను. పాడు డబ్బా, ఒక్క అక్షరం మింగలేదు. అంటే నేను తప్పు చేసినా చేయకపోయినా ఒకటే అన్నమాట. మూడు నెలలు ఊరికే భయపడ్డాను. కాసేపు ఏడ్చాను. తర్వాత ముఖం కడుక్కొచ్చి, విన్నది టైపు చేయడమే కదా నాకిచ్చే జీతం అనుకుని, అది కూడా పదకొండో అంశంగా టైపు చేసి సంతకానికి పంపాను. సంతకమై వచ్చింది.

మా దగ్గర కొత్త మీటింగు మొదలయ్యేముందు పాత మీటింగు రిపోర్టు పైకి చదవాలి. ఆఫీసరుగారే చదువుతారు. నేను తలుపు దగ్గర కూర్చున్నాను. పది అంశాలు గడగడా చదివారు. పదకొండోదీ అదే ఊపులో 'ఆవిడకి చెప్పకండి' దాకా చదివి ఆగారు. బిస్కెట్లు నమిలే చప్పుడు కూడా ఆగింది.

తర్వాత నన్ను గదికి పిలిచారు. కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఆయనే పోశారు. అరవలేదు. మీటింగయ్యాక రికార్డరు ఎవరూ ఆపరా అనడిగారు. అది ఎవరి పనీ కాదండి, బ్యాటరీ అయిపోయేదాకా నడుస్తుంది అన్నాను.

"పాతవి కూడా ఉన్నాయా?" అన్నారు.

"పదకొండేళ్ళవీ ఉన్నాయండి. 'వినబడలేదు' అని వదిలేసినవన్నీ మళ్ళీ విని పూర్తిచేద్దామనుకుంటున్నాను."

మర్నాడు పొద్దున్నే యంత్రం ఆర్డరు రద్దయింది. నేను రిటైరయ్యేదాకా ఈ సీట్లో నేనే ఉండాలని రాసి, సంతకం పెట్టి, కాగితం స్వయంగా తెచ్చి నా చేతికిచ్చారు. బెదిరించాలని అనలేదురా, ఒట్టు. అడిగారు, ఉన్నమాట చెప్పాను.

ఇట్లు,
అక్క

తా.క. ఆ పాతవాటిలో ఇంతవరకూ ఒక్కటి కూడా తెరవలేదు. ఎవరికుందిరా ఓపిక? ఐదు కొట్టగానే ఇంటికొచ్చి, కిటికీలు మూసుకుని, ఏ చప్పుడూ లేకుండా ఊరికే కూర్చుంటున్నాను.