పొగపెట్టెలో వంతులు

జూలై 8, మంగళవారం

మళ్ళీ లెక్కపెట్టాను. అదే జవాబు. డీజిల్ పొగ పీల్చిన చిట్టెలుకల రక్తంలో ఎన్ని చుక్కలో, మంచిగాలి పీల్చిన వాటిలోనూ దాదాపు అన్నే. చుక్క అంటే క్రోమోజోములు విరిగినప్పుడు మిగిలిపోయిన ముక్క. పొగే తగలని వాటికి ఎందుకు విరగాలి? రంగు సరిగా పట్టలేదా, నా కళ్ళే పోయాయా...

మా ల్యాబ్ సార్ మాత్రం హుషారు. "తేడా లేకపోతే లేదనే రాసేయమ్మా. పొగ వల్ల హాని లేదు, సెల్లార్లకు కొత్త ఫ్యాన్లు అక్కర్లేదు. ఈ పరీక్షకు డబ్బిచ్చిన ఆఫీసు టవర్ల వాళ్ళు అడిగింది అంతేగా."

జూలై 9, బుధవారం

నా మొహం చూసి ఇంట్లో గొడవనుకుంది యాదమ్మ. టిఫిన్ మూతలో సర్వపిండి ముక్క పెట్టి — "తిను బిడ్డా. ఫికర్ జెయ్యకు." ఎలుకలకు మేత, నీళ్ళు, పొద్దున్నే పొగపెట్టెలోకి ఎక్కించడం, దింపడం... అన్నీ ఆవిడే. వాటిని 'పోరగాండ్లు' అంటుంది.

తిన్నాను. ఎంత బాగుందో. దిగులు కాస్త తగ్గింది.

జూలై 10, గురువారం

కొత్త రంగుతో చూశాను. రంగు తప్పు కాదు. కళ్ళూ తప్పు కాదు.

జూలై 11, శుక్రవారం

తెలిసిపోయింది.

కూకట్‌పల్లిలో మెట్రో ఖాళీగా దొరికి పెందలాడే చేరాను. షెడ్డులో డీజిల్ ఇంజన్ దడదడ. గాజు పొగపెట్టెలో పొగ ఎలుకల ఎర్ర చీటీ డబ్బాలు ఉండాలి. పచ్చ చీటీవి ఉన్నాయి... మంచిగాలివి!

"యాదమ్మక్కా, ఇవెందుకు ఇక్కడ?"

"ఇయ్యాల వీటి వంతు బిడ్డా."

"వంతేమిటి?"

"రోజు గవే పొగ తాగుతే సస్తయి గద, పాపం. ఒకరోజు గవి, ఒకరోజు గివి. డ్యూటీ మారుస్తున్న." మెచ్చుకుంటానేమోనని నా వైపే చూస్తోంది.

ఒళ్ళు మండింది. అరిచాను. కాసేపటికి నవ్వొచ్చింది. ఆ తర్వాత ఏడుపు.

అప్పుడు చెప్పింది యాదమ్మ. వాళ్ళాయన మల్లేశం హైటెక్ సిటీలో ఒక టవర్‌కి సెక్యూరిటీ. కింద సెల్లార్‌లో, కార్లు ఎక్కే ర్యాంపు పక్కన కుర్చీ. మిగతావాళ్ళు గేటు దగ్గరో, ఏసీ లాబీలోనో. ఈయనకు ఎప్పుడూ సెల్లారే. దగ్గు. వారం వారం మార్చమని సూపర్‌వైజర్‌ని బతిమాలారట. "ఆడ మన మాట ఎవడు ఇంటడు? ఈడ నా చేతుల ఉన్నది గదా అని మార్చిన," అంది.

ఇంకేం అరుస్తాను.

జూలై 12, శనివారం

చెబితే ఆవిడ ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే పొగతో ఏ హానీ లేదని రిపోర్ట్ వెళ్తుంది. మల్లేశం కూర్చున్న చోట ఫ్యాను రాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

జూలై 13, ఆదివారం

అమ్మ రెండుసార్లు అడిగింది, ఏమైందే అని. ఏం లేదన్నాను. పప్పు మాడ్చాను.

జూలై 14, సోమవారం

యాదమ్మకు చెప్పేశాను. కొన్ని పొగ తగలకుండా ఉంటేనే, తగిలిన వాటికి ఏం జరిగిందో తెలుస్తుందని. ఇప్పుడు రెండూ ఒకేలా ఉన్నాయని.

చేతిలోని మేత డబ్బా కింద పెట్టింది. తర్వాత — "అంటే... నేనే అన్నిట్కి పొగ తాగిపిచ్చి, పొగతోని ఏం గాదని రాపిస్తున్ననా?" కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. చెయ్యి పట్టుకున్నాను. చేతికి ఎలుకల మేత వాసన. నాకు ఆ మనిషంటే ఎంత ఇష్టమో ఇవాళే తెలిసింది.

"సార్‌కు నేనే చెప్త. నువ్వు రాకు, నీ మీదికొస్తది."

వెళ్ళకుండా ఎలా ఉంటాను?

జూలై 15, మంగళవారం

సార్ కేకలు కారిడార్ అంతా వినిపించాయి. బ్యాచ్ మొత్తం వృథా, మళ్ళీ మొదట్నుంచి. నా పేరు కూడా కలిపి తిట్టారు, తిట్టనీ. చివరికి కాస్త చల్లబడ్డారు. "సరే, ఉండండి యాదమ్మగారూ. కానీ పొగలో పెట్టినవి రోజూ అవే. మార్చారో, అదే ఆఖరి రోజు."

యాదమ్మ కొంగు దులుపుకుని ఎలుకల గదివైపు నడిచింది.

జూలై 16, బుధవారం

పాత వాటిని... రాయను. ఆ పూట యాదమ్మను క్యాంటీన్‌కి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. చాయ్ చల్లారిపోయింది.

జూలై 21, సోమవారం

కొత్తవి వచ్చాయి. గులాబీ ముక్కులు, ఒకదాని మీద ఒకటి ఎక్కి నిద్ర. "సూడు బిడ్డా, ఎంత ముద్దుగున్నరో" అని మురిసింది. ఆ మాటతో నా పని ఇంకా కష్టమైంది.

ఏవి పొగకో, ఏవి గాలికో మనం ఎంచకూడదు. చీటీలు తియ్యాలి, అది పద్ధతి. డబ్బాల నంబర్లు రాసి, మడిచి గిన్నెలో వేశాను. చేతికి వచ్చినవి పొగకు, మిగిలినవి గాలికి.

"తియ్యక్కా."

"నాతోని గాదు. నువ్వే తియ్యి."

నేనూ గిన్నెలో చెయ్యి పెట్టలేదు. గిన్నెకు అటు ఆవిడ, ఇటు నేను. మెల్లగా అంది — "మా ఆయన పేరు గూడ ఎవలో గిట్లనే తీసుంటరు. ఆయన మొఖం సూడకుండ."

రేపు తీద్దాంలే అన్నాను. ఎలుకలకు నీళ్ళు మార్చి, చేతులు కడుక్కుని, చెప్పులేసుకుంది. రేపు వస్తావా అని అడగలేకపోయాను.