ఎర్ర దారం ఇంటూ గుర్తు

రాహేలూ, మన సునీత కుట్టిన బట్టను జెద్దాలో ప్రదర్శనకు పెట్టారే. వాళ్ల ఆసుపత్రిలో హంగేరీ నర్సు ఇలోనా నేర్పిన కుట్టు. ఆ ఎర్ర పువ్వులు ఎంత బాగున్నాయో, ఎంత బాగున్నాయో.

సౌదీవాళ్లకే ఉద్యోగాలివ్వాలని నితాకత్ చట్టం వచ్చి నా ఉద్యోగం పోయింది. పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టారు, ఎల్లుండి విమానం. ఇక వేసుకోని పని చొక్కాను సునీత అడిగింది. లేబర్ క్యాంపులో బట్టలు కలిసిపోతాయని దాని కాలరు మీద నువ్వు ఎర్ర దారంతో ఇంటూ గుర్తు కుట్టావు కదా. పరీక్ష తప్పినోడికి వేసినట్టు ఇదేంటే అని నవ్వేవాణ్ణి. ఆ చొక్కా ఇవ్వడానికి నాకు చెయ్యి రాలేదు.

"అమ్మ కుట్టు ముట్టుకోను నాన్నా, దాని చుట్టూ కుడతా," అంటే ఇచ్చాను.

ప్రదర్శనలో ఇలోనా ఆ గుర్తు మీద వేలు పెట్టి ఏదో అంది.

"వాళ్ల ఊళ్లోనూ ఆడవాళ్లు మొగుళ్ల చొక్కాలకి ఇలాగే గుర్తులు కుట్టేవారంట నాన్నా," అని చెప్పింది సునీత.

నాకు ఏడుపు రాలేదు. బట్ట ముందు అలా నిలబడే ఉన్నాను.

మీ తమ్ముడికీ మా అక్కకీ నేను చెబుతాను. అక్కడ పైన నీ దగ్గరున్నవాళ్లకు నువ్వే చెప్పాలి: మా అమ్మకి, మీ నాన్నకి, నీకు సూది పట్టడం నేర్పిన మీ పిన్నికి.