మోకాళ్ళ నొప్పి

4 ఫిబ్రవరి 2025, మంగళవారం

నా బిడ్డ లిదియా కాలేజీకి లీవ్ పెట్టి నన్ను మొయినాబాద్ నుంచి చేవెళ్ల దవాఖానకు తీసుకుపోయింది. అమ్మ మూడు నెలల సంది సరిగ తింటలేదు, మంచం దిగుతలేదు అని డాక్టరమ్మకు చెప్పింది. నేను పక్కనే ఉన్నాను, నన్నే అడగొచ్చు కదా. డిప్రెషన్ కావచ్చంది డాక్టరమ్మ. నాకేం డిప్రెషన్, పెన్షన్ టైముకు వస్తోంది అన్నాను.

ఫారం ఇచ్చింది. ముప్పై రెండేళ్ళు పిల్లల పేపర్లు దిద్దినదాన్ని, ఏం రాస్తే పాసవుతానో నాకు తెలుసు. నిద్ర బాగుంది. ఆకలి బాగుంది. చివరి ప్రశ్న, చిన్నప్పుడు ఇంట్లో కొట్టేవారా అని. అందరి ఇళ్ళలో లాగే అని రాశాను.

అది చదివి, అందరి ఇండ్లల్ల దేంతోని కొట్టేటోళ్ళమ్మా అని అడిగింది. రెండు వారాలకు మళ్ళీ రమ్మని చీటీ రాసిస్తే తీసుకుని లేచాను. బయటికొచ్చి లిదియాను ఊరికే కసురుకున్నాను.

6 ఫిబ్రవరి, గురువారం

ఆలూరు నుంచి తమ్ముడు కృపాకర్ ఫోన్. బాపు పుట్టి నూరేళ్ళట, పదహారున చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నాడు. బాపు ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన ఉపదేశి. ఆయన పేరు చెబితే అక్కడ ఇప్పటికీ లేచి నిలబడతారు. పెద్దబిడ్డవు, అందరి ముంగట బాపు గురించి సాక్ష్యం నువ్వే చెప్పాలె అక్కా అన్నాడు. సరే అన్నాను. ఫోన్ పెట్టేసి మళ్ళీ పడుకున్నాను.

9 ఫిబ్రవరి, ఆదివారం

చర్చిలో అందరూ మోకరించారు. నేను కుర్చీలోనే. మోకాళ్ళ నొప్పులని నలభై ఏళ్ళుగా చెబుతున్నాను. ఎక్స్‌రేలో ఏమీ లేదు.

12 ఫిబ్రవరి, బుధవారం, పొద్దున 6

సాక్ష్యం రాద్దామని కూర్చున్నాను. మా బాపు మమ్మల్ని దైవభయంలో పెంచాడు అన్న దగ్గరే ఆగిపోయాను.

ఇక్కడ రాస్తాను, ఎవరూ చదవరు. కీర్తన అప్పజెప్పేటప్పుడు ఒక్క మాట తప్పితే బండల మీద దొడ్డు ఉప్పు పోసి, దాని మీద మోకరించమనేవాడు. కీర్తన మళ్ళీ మొదటి నుంచి. ఏడిస్తే మళ్ళీ మొదటి నుంచి. నాకు పదకొండేళ్ళు. తర్వాత నన్ను కన్న అవ్వే నా కాళ్ళు కడుగుతూ, బాపు నీ మంచికే చేస్తుండు బిడ్డా అనేది. నమ్మాను.

అరవై ఏడు వచ్చినా, ఏ చిన్న పని చెడినా శిక్ష ఎప్పుడు పడుతుందా అని చూస్తూనే ఉన్నాను. అలసిపోయాను. ముసలితనం అనుకున్నది ఇదేనేమో. బాపు మీద కోపంగా ఉంది. బాపు కావాలనీ ఉంది. రెండూ ఒకేసారి ఎట్లా వస్తాయో డాక్టరమ్మను అడగాలి.

13 ఫిబ్రవరి, గురువారం

లిదియాకు చెప్పేశాను. ఎవరికీ చెప్పకు అంటుందనుకున్నాను. అనలేదు.

15 ఫిబ్రవరి, శనివారం

కృపాకర్ ఫ్లెక్సీ ఫోటో వాట్సాప్‌లో పంపాడు. బాపు తెల్ల చొక్కాలో నవ్వుతున్నాడు. మా ఇంట్లో ఆ నవ్వు నేను చూడలేదు.

రేపు అబద్ధం చెబితే ఇక మంచం దిగలేను, నా సంగతి నాకు తెలుసు. నిజం చెబితే తమ్ముడు మాట్లాడడు. తోడబుట్టినవాళ్ళలో మిగిలింది వాడొక్కడే.

16 ఫిబ్రవరి, ఆదివారం

చెప్పాను. మూడే వాక్యాలు. ఎవరూ ఆమెన్ అనలేదు.

చెప్పులు వేసుకుంటుంటే కృపాకర్ వచ్చాడు. ఉప్పు తెచ్చిచ్చింది నేనే అక్కా, ఆరేండ్లుండె నాకు, దోసిట్ల తెచ్చేటోణ్ణి అన్నాడు.

నాకది అసలు గుర్తులేదు.

మంగళవారం దవాఖానకు వాడూ వస్తానన్నాడు.