మిషన్ అయ్యేదాకా

మార్చి 14, 1997. శుక్రవారం. ఉదయం 7.10

ఈ డైరీ తెలుగులో రాస్తున్నాను. తాహేరాకు ఉర్దూ తప్ప చదవడం రాదు. మొగుడి ప్రతిజ్ఞ నెరవేరేదాకా పెళ్లానికి తెలియకపోవడమే మంచిది.

ప్రతిజ్ఞ ఇదీ: ఏప్రిల్ 27న మా మరదలు, తాహేరా చెల్లెలు వజీరా పెళ్లి. ఆలోగా సర్క్యూట్ బోర్డులు చెక్కే మిషన్ స్వయంగా తయారుచేస్తాను. పెళ్లి నాటికి తాహేరా చేతులు శుభ్రంగా ఉండాలి.

కరెంటు రాగానే బోరు మోటారును తనంతట తానే నడిపించే పెట్టెలు మా షాపులో చేస్తాం. లోపలి బోర్డు కోసం రాగి పలక మీద గోళ్లరంగుతో గీతలు గీసేది తాహేరా. దాన్ని మందునీళ్లలో కడిగేదీ ఆమే. రంగు లేనిచోట రాగి కరిగిపోతుంది, గీతలు మిగులుతాయి. ఆమె వేళ్లకు పచ్చటి మరకలు కూడా మిగులుతాయి. నిన్న వజీరా చూసి, "ఆపా, నా పెండ్లి వరకన్న నీ చేతులు తెల్లగైతయా?" అంది. తాహేరా చేతులు కొంగు కింద దాచుకుంది. నాకు కష్టమనిపించింది.

మిషన్ వస్తే మందునీళ్లతో పనిలేదు. కంప్యూటర్ చెబుతుంది, మోటార్లు కదులుతాయి, సన్నటి ముల్లు రాగిని గీకుతుంది. అంతే.

కావలసినవి: పాత ప్రింటర్ మోటార్లు 3. మరలు తిప్పిన ఇనుప కడ్డీలు 3. సొరుగు పట్టాలు 2 జతలు. కంప్యూటర్. మిషన్ అయ్యేదాకా తాహేరాకు రబ్బరు గ్లౌజులు, ఒక జత.

మార్చి 16

నల్గొండ వెళ్లొచ్చాను. మోటార్లు నాలుగు దొరికాయి. ఒకటి ఎక్కువే. కడ్డీలు చేసే పని లేత్ ఫక్రుద్దీన్‌కు అప్పగించాను.

గ్లౌజులు మరిచాను. నలభై రోజుల్లో మిషనే వస్తుంటే గ్లౌజులెందుకు?

మార్చి 21. సాయంత్రం 5.00

టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ రఘుపతి తన పాత కంప్యూటర్ ఇచ్చాడు. "వహీద్ భాయ్, గిది జర నిదానం. మీద చెయ్యేసి నిమురుతుండాలె" అన్నాడు. నిమురుతున్నాను.

సొరుగు పట్టాలు తాహేరా బీరువా నుంచి విప్పాను. ఇప్పుడు ఆ సొరుగు ఇద్దరు పట్టి లాగితేనే వస్తుంది. ఒక లాభం ఉంది, డైరీ దాచడానికి ఇంతకన్నా భద్రమైన చోటు లేదు. నేను స్క్రూడ్రైవర్‌తో తెరుస్తాను.

ఏప్రిల్ 3

నల్గొండలో మోటార్ల దుకాణం బాలయ్యకు నలభై బోర్డులు కావాలట, 20వ తేదీకల్లా. పెట్టెల్లో అతనే బిగించుకుంటాడు. వెంటనే ఒప్పుకున్నాను. మిషన్ రోజుకు ఇరవై చెక్కుతుంది. కాగితం మీద లెక్కేశాను.

11.30: మోటారు తిరిగింది. ముల్లు వేలెడంత జరిగింది. తాహేరాను పిలిచి చూపించాను.

"మంచిగున్నది. అన్నం సల్లారుతాంది, రాండ్రి" అంది.

ఏప్రిల్ 9

ముల్లు సగం బోర్డు గీకగానే కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి తానెక్కడుందో మిషన్ మరిచిపోయింది. బోర్డు వదిలేసి బల్లను చెక్కింది. ఊరందరి మోటార్లకూ కరెంటు పోయొస్తే ఏంచెయ్యాలో నేర్పినవాణ్ని, నా మిషన్‌కు నేర్పలేదు.

ఏప్రిల్ 15. మధ్యాహ్నం 2.00

విరిగిన ముళ్లు: 6.

కారణాలు: ఎండకు చెక్క వంగింది. కంప్యూటర్ వేడెక్కింది. పక్క గదిలో తాహేరా గట్టిగా నడిచింది.

బాలయ్య మనిషి రెండుసార్లు వచ్చాడట. తానే సర్దిచెప్పి పంపానని తాహేరా అంది. ఎలా సర్దిచెప్పిందో అడగలేదు. పనిలో ఉన్నాను.

ఏప్రిల్ 22. సాయంత్రం 4.20

మొదటి బోర్డు పూర్తయింది! ఐదు గంటలు పట్టింది. గీతలు వెంట్రుకల్లా ఉన్నాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

4.30: తాహేరా అటూ ఇటూ తిప్పి చూసింది. "అద్దంల చూసినట్టున్నది. కుడిదిక్కుది ఎడమదిక్కుకు పోయింది" అంది.

నిజమే. కొలతలన్నీ కుడివైపు నుంచి తీశాను. చిన్నప్పటి నుంచి కాగితం కనిపిస్తే నా చెయ్యి కుడి నుంచే మొదలవుతుంది. కంప్యూటర్ ఎడమ నుంచి లెక్కపెడుతుంది.

"మీరు ఉర్దూ రాసిన్రు, అది తెలుగు సదివింది" అంది తాహేరా.

అప్పుడు గుర్తొచ్చింది. "బాలయ్య బోర్డులు?"

"పంపి రెండొద్దులాయె. మీరు గీ మిషన్ కాడ కూసున్నప్పుడు ఎనక వాకిట్ల గీసిన, కడిగిన."

నలభై. ఆమె చేతులు కొంగు కింద ఉన్నాయి. చూపించమని అడిగే ధైర్యం నాకు రాలేదు.

ఏప్రిల్ 27. ఆదివారం

పెళ్లి బాగా జరిగింది.

తాహేరా నిన్న మరకల మీదే మెహందీ పెట్టించుకుంది. ఇవాళ చూస్తే నల్లగా, నిగనిగలాడుతూ పండింది. పెళ్లికూతురి చెయ్యి కూడా అంత పండలేదు. నేను నీళ్ల జగ్గు ఇవ్వడానికి ఆడవాళ్ల పందిరి దాకా వెళ్లేసరికి నలుగురూ ఆ చేతులు పట్టుకుని చూస్తున్నారు. మేనత్త ఖమర్ బీ గట్టిగా అంది: "గింత పండిందంటె, మొగడు ఎంత పానంగ సూస్కుంటడో!"

అందరూ నావైపు చూశారు. తాహేరా కూడా చూసింది. నవ్వలేదు, కోపమూ లేదు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అత్తవారింటికి బయలుదేరుతూ వజీరా మెల్లగా అడిగింది: "దుల్హాభాయ్, గ్లౌజులు యాదికున్నయా?"

వజీరా చదివింది తెలుగు మీడియం. ఆ సొరుగు ఇద్దరు లాగితే వస్తుంది. అక్కాచెల్లెళ్లు ఇద్దరు.

ఏప్రిల్ 29. ఉదయం 9.00

కొత్త ప్రతిజ్ఞ. వానలు పడేలోగా మిషన్ పూర్తిచేస్తాను. కొలతల సున్నా ఈసారి ఎడమవైపు. కొత్త చెక్క. పట్టాలు వేరేవి, బీరువావి తిరిగి బిగిస్తాను.

కానీ ముందు గ్లౌజులు. ఎవరి కొలత కావాలని అంగడివాడు అడిగితే నా చెయ్యి చాపాను.

11.00: గ్లౌజులు తొడుక్కుని మందునీళ్ల తొట్టి ముందు కూర్చున్నాను. తాహేరా గడపలో నిలబడి చూసింది.

"మిషన్ అయ్యేదాకా ఈ పని నాదే" అన్నాను.

"మిషన్ అయ్యేదాకనా?"

"అయ్యేదాకా."

"గట్లయితే నా చేతులకు ఇగ ఎన్నటికీ ఫికర్ లేదు" అంది.