కెప్టెన్ కుక్ బొమ్మ కార్డు

రాయకోట
18-3-1979

అన్నకు నమస్కారం.

మన తమ్ముడు బాలు ఓడ మీద నుంచి సముద్రంలో పడి చనిపోయాడని తంతి వచ్చిన నాలుగో రోజున వాడి కార్డు వచ్చింది. రెండు వందల ఏళ్ల కిందటి నావికుడు కెప్టెన్ కుక్ జ్ఞాపకార్థం వేసిన కార్డు అది. వెనక "నేను కులాసా" అని రాశాడు.

చదువు రాని అమ్మ ఆ కార్డు పట్టుకుని, "ఇది ఎప్పుడు రాసినాడమ్మా?" అని అడిగింది. తపాలా ముద్రలో తేదీ వాడు పోవడానికి తొమ్మిది రోజుల ముందుది. ఆమె ముఖం చూసి, తంతి వచ్చిన తరువాత రాసిందేనని చెప్పాను.

"అట్లయితే తంతి అబద్ధం. నా బిడ్డ యాడో ఉండాడు," అని కర్మ ఆపించింది. రోజూ స్టేషనుకు పోయి హోసూరు రైలు దిగేవాళ్లను చూస్తోంది. నేను నిజం చెప్పబోతే లేచి వెళ్లిపోతోంది.

నువ్వు వెంటనే రా. నేను అబద్ధమాడానని అమ్మకు నువ్వే చెప్పాలి. ఆమె నన్ను ఇక నమ్మకపోయినా సరే.

నీ చెల్లెలు