నోటీసు అందినట్టే లెక్క

జూన్ 2, సోమవారం. ఉదయం 5.30

లేచాను! అలారం కంటే ముందే!

ఈ నెల 29న లా కాలేజీ ప్రవేశ పరీక్ష. హాల్ టికెట్ అద్దానికి అంటించాను. పదకొండేళ్లుగా లాయరు గారి ఆఫీసులో టైపిస్టుని. ఆయన కోర్టుకిచ్చే ప్రతి కాగితం నా వేళ్ల కింద నుంచే వెళుతుంది. మొన్న ఒకదాంట్లో సెక్షను నంబరు తప్పుందని చెబితే, "నీ పని టైపు చెయ్యడం, తప్పులు పట్టడం కాదు" అన్నారు. ఒళ్లు మండింది. నల్లకోటు వేసుకుని ఆయన ఎదుటి పక్షాన నిలబడకపోతే చూడండి!

ప్రణాళిక:
– జనవరి 1 నుంచి "తర్వాత చదువుతా" అని బల్ల కింద దాచిన దినపత్రికలు 153. రోజుకి ఏడు. రాజకీయాలన్నీ వరసగా. టైపిస్టుని, లైను వదిలే అలవాటు లేదు.
– రాజ్యాంగం మీద లావు పుస్తకం. 412 పేజీలు. రోజుకి ఇరవై.
– తర్కం ప్రశ్నలు యాభై.
– ఫోను బీరువాలో. తాళంచెవి నాన్న జేబులో.
– పేపర్లు చదువుతూ నేను ఆ తేదీకి వచ్చేదాకా ఇంట్లో ఎవరూ నాకు ఏ వార్తా చెప్పకూడదు.

ఇంట్లో ఎవరూ అంటే నాన్నే. రిటైరైన లెక్కల మాస్టారు. పేపరు మొదటి అక్షరం నుంచి ప్రెస్సు పేరు దాకా చదువుతారు. నోట్లో మాట ఆగదు.

"పాతవి వదిలేసి ఈరోజుది చదవొచ్చు కదమ్మా?"

"సగంలోంచి మొదలుపెడితే ఏం అర్థమవుతుంది నాన్నా?"

జూన్ 3. రాత్రి 8.00

ఏడు పేపర్లూ పూర్తి! పుస్తకం ఇరవై పేజీలు! ఇంత తేలికా? ఇన్నేళ్లూ ఏం చేశానో!

జూన్ 5

రెండే చదివాను. అయినా ప్రకటనలు కూడా వదల్లేదు. జనవరి 19న ఎవరిదో గోధుమరంగు కుక్క తప్పిపోయింది. ఎడమ చెవి మీద తెల్లమచ్చ. అయ్యో పాపం. దొరికిందో లేదో.

పుస్తకం: 43వ పేజీ.

జూన్ 9

ఆఫీసులో గుమాస్తా గారితో పెద్ద వాదన. విద్యామంత్రి కొత్త పథకం ఎంత గొప్పదో అరగంట వివరించాను. ఆయన నోరు తెరుచుకుని విన్నారు.

"అమ్మాయ్, ఆవిడ రాజీనామా చేసి మూడు నెలలైంది."

"చెప్పకండి! నేనింకా జనవరిలోనే ఉన్నాను!"

ఆయన లాయరు గారి వైపు చూశారు. లాయరు గారు పైకప్పు వైపు చూశారు.

జూన్ 12

తలనొప్పి. పుస్తకం: 43వ పేజీ.

ఆఫీసులో ఒకటే పని. ఒకాయన నోటీసు తీసుకోకుండా వెనక్కి పంపేసి, ఇప్పుడు నాకేమీ తెలియదంటున్నాడు. "తీసుకోను పొమ్మన్నంత మాత్రాన తప్పించుకోలేరు, చట్టం దృష్టిలో నోటీసు అందినట్టే" అని నాలుగు కాపీలు కొట్టాను. ఎలాంటి మనుషులుంటారో!

జూన్ 14, శనివారం

నాన్న ఈరోజు పేపరు మడిచి పట్టుకుని మూడుసార్లు వచ్చారు. కాఫీ తాగుతుంటే. తల దువ్వుకుంటుంటే. మూడోసారి స్నానాలగది తలుపు కొట్టి మరీ!

"అమ్మడూ, ఇది నీకు సంబంధించిందే..."

"నేనింకా ఫిబ్రవరి 9న ఉన్నాను నాన్నా! దాన్ని కట్టలో పెట్టేయండి, దాని రోజు దానికొస్తుంది."

ఏదో గొణుక్కుంటూ పెన్సిలు వెతుక్కున్నారు. క్రమశిక్షణ అంటే ఆయనకీ అర్థమవ్వాలి.

జూన్ 19

ఈ వారం చదివినవి: మూడు. కారణాలు: ఉక్కపోత. కళ్లజోడు బిగుతు. పక్కింటివాళ్లు గోడకి మేకులు కొడుతున్నారు.

పొద్దున నాన్న అడిగారు, "ఎందాకా వచ్చావమ్మా?"

ఫిబ్రవరి 12 అనడానికి సిగ్గేసింది. "అయిపోవచ్చింది" అన్నాను.

"పధ్నాలుగో తారీఖుది చూశావా? నా పెన్సిలు గీత?"

"చూశాను."

"హమ్మయ్య!" అన్నారు. ఎందుకంత సంతోషమో.

జూన్ 20

అత్తయ్యకి కంటి ఆపరేషన్. నాన్న సాయంగా బయల్దేరారు. గుమ్మంలో నా తల మీద చెయ్యి వేసి, "ధైర్యంగా రాయి" అన్నారు. పరీక్షకింకా తొమ్మిది రోజులుంటే ఇప్పుడే దీవెనలు! బీరువా తాళంచెవి కూడా జేబులోనే వెళ్లిపోయింది.

జూన్ 22, ఆదివారం. మధ్యాహ్నం 12.15

ఇప్పుడే లేచాను. ఎంత హాయిగా ఉందో! ఇల్లంతా నాదే. ఇంకా వారం ఉంది. రేపటి నుంచి రోజుకి ముప్ఫై పేపర్లు.

జూన్ 24

నాన్న వచ్చారు. సంచి కింద పెట్టకుండానే, "ఎలా రాశావమ్మా?"

"ఏం రాశాను?"

"పరీక్ష."

"29న కదా!"

ఆయన కట్టలోంచి పధ్నాలుగో తారీఖు పేపరు తీసి నా ముందు పరిచారు. మూల చిన్న ప్రకటన. చుట్టూ పెన్సిలు గీత. పక్కన ఆయన గుండ్రటి రాత: "పరీక్ష వారం ముందుకు జరిగింది. 22నే. ఇది చదవగానే నన్ను పిలు."

ఏడ్చాను. గట్టిగానే ఏడ్చాను. బీరువాలోంచి ఫోను తీసి ఛార్జింగు పెట్టి చూస్తే కాలేజీ నుంచి నాలుగు సందేశాలు.

"నా చెవిలో అరిచైనా చెప్పొద్దా నాన్నా?"

"మూడుసార్లు వచ్చాను తల్లీ. తీసుకోనన్నావు. తర్వాత చూశానన్నావు."

నేనే కొట్టాను. నాలుగు కాపీలు. తీసుకోను పొమ్మన్నా నోటీసు అందినట్టే. నా కేసులో వాదించడానికి నాకే ఏమీ మిగల్లేదు.

జూన్ 25

లాయరు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మరీ నవ్వారు. చచ్చేంత సిగ్గేసింది. సాయంత్రం ఒక కాగితం నా బల్ల మీద పడేసి, "టైపు చేసే ముందు సెక్షను నంబర్లు ఓసారి చూడు" అన్నారు. రెండు తప్పులు దొరికాయి.

జూన్ 26, గురువారం. ఉదయం 5.30

మొదటి రోజు! పై ఏడాది పరీక్షకి ఇంకా బోలెడు టైముంది!

– ఈరోజు పేపరు ఈరోజే. నాన్న పైకి చదువుతారు, నేను వింటాను.
– ఫోను బల్ల మీద.
– పుస్తకం: 44వ పేజీ నుంచి.
– పాత కట్ట అమ్మేయాలి.

నాన్న కాఫీ పెట్టుకుని కూర్చుని పేపరు విప్పారు. నా ప్రాణం కట్ట మీదే ఉంది. ఇక ఆగలేక నేనే అడిగాను.

"నాన్నా, జనవరిలో ఒక కుక్క తప్పిపోయింది. తెల్లమచ్చది. దొరికిందా?"

"దొరికిందమ్మా."

"ఎక్కడ? ఎప్పుడు?"

ఆయన పేపరు వెనక నుంచే అన్నారు, "నువ్వింకా ఆ తేదీకి రాలేదు కదా."