నాలుగో అంతస్తులో పదకొండు డబ్బాలు

మార్చి 3

ఈ ఏడాదికి ఉత్త డబ్బాలు బిగించెయ్ బావా, వచ్చే ఏడాది వైరు లాగిస్తాను అన్నాడు నా బావమరిది. ఇరవై ఆరేళ్లయింది. వాడి వచ్చే ఏడాది ఇంకా రాలేదు.

ఇవాళ అది తవ్వుకోవడానికి కారణం ఒక ఫోన్. నేను మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌గా రిటైరైన ఆఫీసు బిల్డింగ్‌లో కరెంటు ఆదా కోసం ఏసీ, హీటింగ్, లైట్ల కంట్రోల్స్ అన్నీ మారుస్తున్నారట. పని చూస్తున్న ఇంజినీరు ఒకమ్మాయి. నాలుగో అంతస్తు డ్రాయింగ్‌లో గది చలీ వేడీ మార్చే థర్మోస్టాట్లు పదకొండున్నాయి, ఒక్కటీ పలకడం లేదు, ఒకసారి రాగలరా అంకుల్ అంది. అంకుల్ అన్నందుకే వెళ్లకూడదనుకున్నాను.

మార్చి 5

వెళ్లాను.

సాయంత్రం

ఆ అమ్మాయి అప్పటికే ఒక డబ్బా విప్పి ఉంచింది. లోపల తిప్పే చక్రం ఉంది, అంకెలున్నాయి. వెనక వట్టి గోడ. ఇదేంటని అడిగింది. నీళ్లు నమలకుండా చెప్పాను.

అంతస్తు మొత్తానికీ వరండాలో ఒకటే సెన్సర్. చలి అని కొందరు, ఉక్క అని కొందరు, వారానికి నలభై కంప్లయింట్లు. అప్పుడు మేనేజరు నా బావమరిదే. వాడి మాట మీద డబ్బాలు బిగించాను. కంప్లయింట్లు మూడుకి పడిపోయాయి. తిప్పేవారు, హాయిగా ఉందనుకునేవారు, కూర్చునేవారు. మనుషుల్ని ఇంత తేలిగ్గా ఊరడించిన ఏలిక గురించి నేను ఏ చరిత్ర పుస్తకంలోనూ చదవలేదు. అంత బాగా పనిచేశాక వైరెందుకు లాగుతాడు?

అయినా చలి తగ్గనివాళ్లు బల్లల కింద చిన్న హీటర్లు దాచుకున్నారు. ఆ వేడికి వరండా సెన్సర్ ఉక్క అనుకుని ఇంకా చల్లగాలి తోలేది. వీళ్లు హీటర్ పెంచేవాళ్లు. ఒకే గదిలో రెండు మిషన్లు ఇన్నేళ్లు జుట్లు పట్టుకున్నాయి. ఆ అమ్మాయి పడీపడీ నవ్వింది. తర్వాత థర్మోస్టాట్లన్నీ పనిచేస్తున్నాయన్న పాత సర్టిఫికెట్ కింద సంతకం చూసి నవ్వాపింది. సంతకం నాది.

ఆ డబ్బాల్లో ఒకటి నా భార్య కుర్చీ పక్కనే ఉండేది. రికార్డుల సెక్షన్. రోజూ పొద్దున్నే తిప్పేది. మా ఆయన బిగించిందే అని పక్కవాళ్లకి చెప్పుకునేది. సూపర్‌వైజర్ భార్య కనక హీటర్ పెట్టుకోలేదు, శాలువా కప్పుకునేది. చలికాలం వేళ్లు బిగుసుకుపోతే వయసండీ అనేది. ఏమీ తెలియకుండానే పోయింది, మూడేళ్ల కిందట.

మార్చి 9

మళ్లీ వెళ్లాను. రిపోర్టు ముసాయిదా చదువుతూ నించున్నాను, నెత్తిన లైటు ఆరిపోయింది. కదలకపోతే మనిషి లేడని లెక్కట. రిటైరైన రోజు నాకు పూలదండకి బదులు ఈ సంగతి చెప్పుండాల్సింది.

రిపోర్టులో ఉన్నదిది: పదకొండు డమ్మీలు, అప్పటి సూపర్‌వైజర్ సంతకంతో. మేనేజరు ఊసే లేదు. ఆయన్ని కూడా అడిగాను, తనకేమీ తెలియదన్నారు అంది ఆ అమ్మాయి. ఇప్పుడాయన డైరెక్టరు. ఇరవై ఎనిమిదిన కొత్త సిస్టమ్‌కి బటన్ నొక్కేది కూడా ఆయనే.

నలభై ఏళ్ల సర్వీసులో మిగిలేది ఆ ఒక్క వాక్యం. మోసగాడు.

మార్చి 10

డబ్బాలు బిగించమన్న చీటీ దొరికింది. వాడి చేతిరాత, తేదీతో సహా. పాత ఫైళ్లు పారెయ్యమని పోరిన వాళ్లందరికీ నమస్కారం.

పుస్తకాల్లో పగ తీర్చుకున్నవాళ్లంతా హాయిగా నిద్రపోతారు. అవి రాసినవాళ్లు ఎవరి మీదా పగ తీర్చుకుని ఉండరు.

మార్చి 12, ఉదయం 11

బావమరిది వచ్చి వెళ్లాడు. చీటీ సంగతి ఫోన్‌లో నేనే చెప్పాను, భయపడాలని. ముసలాళ్లిద్దరం, ఇప్పుడీ రచ్చెందుకు బావా అన్నాడు. ముసలాణ్ణి నేను, నువ్వు డైరెక్టరువి అన్నాను. మోకాళ్ల నొప్పుల గురించి చెప్పాడు. మందుల పేర్లు చెప్పాడు. నేను కరగలేదు. మమ్మల్నందర్నీ పోనీ, సొంత అక్క చెవిలో పువ్వు పెట్టావు కదరా, రోజుకి ఏడు గంటలు ఆ చలిలో కూర్చోబెట్టావు కదరా అన్నాను.

టీ కప్పు పక్కకి జరిపాడు. తర్వాత మెల్లిగా అన్నాడు.

"అక్కకి మొదటి వారమే తెలుసు బావా. నేనే చెప్పాను. ఆయన చేత్తో బిగించారు, తిప్పకపోతే చిన్నబోతారురా అంది."

టీ తాగకుండానే వెళ్లాడు. చీటీ అడగలేదు.

మార్చి 13

పుస్తకం తెరిచాను. పొద్దుటినుంచీ ఒకటే పేజీ.

మార్చి 16

చీటీ ఆ అమ్మాయికి ఇచ్చేశాను. ఇవ్వకుండా ఉండే గొప్ప మనసు నాకు లేదు. రిపోర్టులోకి రెండు పేర్లూ ఎక్కాయి. బటన్ నొక్కేది ఇంకెవరోనట. కడుపు చల్లబడాలి. పడలేదు.

ఇకమీదట ఏ కుర్చీ దగ్గర ఎంత చలి ఉందో నిమిషానికోసారి స్క్రీన్ మీదికి వచ్చేస్తుంది, ఎవరూ నోరు తెరవక్కర్లేదు అంకుల్ అని ఆ అమ్మాయి మురిసిపోయింది. మంచిదమ్మా అన్నాను.

మార్చి 29

బావమరిదితో నా లెక్క తెగింది. వాడి ఊసు ఇక ఇందులో రాయను.

తను రిటైరయ్యేదాకా పంతొమ్మిదేళ్లు తిప్పింది. రోజూ పొద్దున్నే, నాకు కనిపించేలా. ఒక్కసారి చలేస్తోందండీ అని ఉంటే, ఏ ఆదివారమో నిచ్చెన వేసుకుని నేనే వైరు లాగేవాణ్ణి. అనలేదు. నేనింకా తప్పు పట్టేది ఒక్క మనిషినే.

నా భార్యని.